పెట్టెలోని కాగితాలు, భాండాగారంలోని చరిత్ర

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన ఆయతు ఏది అని అడిగితే, అది స్వర్గనరకాలను గురించో, ప్రవక్తల గాథలను గురించో అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వ్రాతను గురించిన ఆయతు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు అది. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసి ఉంచాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, సాక్షులు ఉండాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడరాదనీ అందులో ఆదేశం ఉంది. ఒకరి హక్కు మరొకరి మతిమరుపుకు బలికాకూడదన్నది ఇందులోని పరమార్థం.

మనిషి మరణించగానే అతని కర్మలన్నీ ఆగిపోతాయి, మూడు మాత్రం ఆగవు అని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. నిరంతరం సాగే దానం, ప్రజలకు ఉపయోగపడే విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే సత్సంతానం ఆ మూడు. ఒక విద్వాంసుడు తన చేతితో వ్రాసిన గ్రంథాన్ని అతని సంతానం భద్రపరచి పదిమంది చదివే చోట ఉంచితే, ఆ మూడూ ఒక్క పనిలో కలుస్తాయి. ముస్లిం సమాజంలో గ్రంథాలను వఖ్ఫ్ చేసే సంప్రదాయం వర్ధిల్లడానికి మూలం ఇదే. నేడు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో కనిపించే వ్రాతప్రతుల సేకరణలు ఆ సంప్రదాయానికే కొనసాగింపు. అవి ఎలా ఏర్పడ్డాయో, వాటి వల్ల ప్రయోజనమేమిటో, వాటితో తెలుగు ముస్లింలకు ఉన్న సంబంధమేమిటో పరిశీలించడం అవసరం.

వ్యక్తిగత పత్రాలంటే ఏమిటి?

అచ్చయిన పుస్తకానికి వందల ప్రతులు ఉంటాయి. ఒకటి పోతే మరొకటి దొరుకుతుంది. వ్రాతప్రతి అలాంటిది కాదు. అదే గ్రంథానికి పది ప్రతులున్నా, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక కాతిబ్ ఒక పదం వదిలేస్తాడు, మరొకడు అంచున ఒక వివరణ చేరుస్తాడు. ఇక వ్యక్తిగత పత్రాల సంగతి మరీ ప్రత్యేకం. లేఖలు, దినచర్యలు, చిత్తు ప్రతులు, జమాఖర్చుల పుస్తకాలు, నికాహ్‌నామాలు, వఖ్ఫ్‌నామాలు, విద్యార్థికి గురువు ఇచ్చిన ఇజాజత్‌లు, హకీములు తమ కోసం వ్రాసుకున్న నుస్ఖాలు ఈ కోవలోకి వస్తాయి. వీటికి రెండవ ప్రతి ఉండదు. ప్రభుత్వ రికార్డు పాలకుల దృష్టి నుండి చరిత్రను చెబుతుంది. ఇంటి కాగితం పాలితుల దృష్టి నుండి చెబుతుంది. శిస్తు ఎంత వసూలయిందో మొదటిది చెబితే, ఆ శిస్తు కట్టడానికి ఏ నగ తాకట్టు పెట్టవలసి వచ్చిందో రెండవది చెబుతుంది.

అలీగఢ్ భాండాగారం

మన దేశంలో ఇలాంటి సేకరణలకు ప్రసిద్ధి చెందిన వాటిలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోని మౌలానా ఆజాద్ గ్రంథాలయం ముఖ్యమైనది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ (1817-1898) స్థాపించిన కళాశాలకు అనుబంధంగా 1877లో ఇది మొదలయింది. అప్పటి వైస్రాయి పేరిట దానిని లిటన్ గ్రంథాలయం అన్నారు. కళాశాల 1920లో విశ్వవిద్యాలయమయింది. 1960లో కొత్త భవనానికి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. అప్పటి నుండి అది మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ పేరు ధరించింది. అరబీ, పారసీ, ఉర్దూ, సంస్కృతం, హిందీ తదితర భాషలలో దాదాపు 16,000 వ్రాతప్రతులు అందులో ఉన్నాయి.

కాగితం విలువ సర్ సయ్యద్‌కు స్వానుభవం వల్ల తెలుసు. ఢిల్లీ కట్టడాలను గురించి 1847లో ఆయన 'ఆసారుస్సనాదీద్' ప్రకటించారు. కుతుబ్ మీనారు పైభాగాన ఉన్న శాసనాలు క్రింది నుండి కనిపించకపోతే, పెద్ద బుట్ట కట్టించుకొని అందులో కూర్చొని, ఆ ఎత్తున వ్రేలాడుతూ వాటిని నకలు వ్రాసుకున్నారని ఆయన జీవితచరిత్ర వ్రాసిన హాలీ చెబుతాడు. 1857 తిరుగుబాటు తరువాత ఢిల్లీలో ఎన్నో కట్టడాలు నేలమట్టమయ్యాయి. వాటి గురించి తెలుసుకోవడానికి నేడు ఆ పుస్తకమే ఆధారం. ఆయనే అనేక వ్రాతప్రతులను సరిపోల్చి 'ఆయినె అక్బరీ'ని పరిష్కరించారు. అందులో మొదటి, మూడవ సంపుటాలు మిగిలాయి. అచ్చుకు వెళ్ళిన రెండవ సంపుటం 1857 అల్లకల్లోలంలో నశించింది. ఎన్నో ఏండ్ల శ్రమ కొద్ది రోజుల్లో ఎలా మాయమవుతుందో చూసినవాడు స్థాపించిన విద్యాసంస్థ ఇది.

ఈ భాండాగారంలోని సంపదలో అధికభాగం కొనుగోలు చేసినది కాదు, ఇండ్ల నుండి వచ్చినది. దాతల పేర్లే అక్కడి విభాగాల పేర్లు. గోరఖ్‌పూర్‌కు చెందిన మౌల్వీ సుబ్‌హానుల్లా సేకరణ అందులో ఒకటి. లక్నో ఫిరంగీ మహల్ విద్వాంసుడు మౌలానా అబ్దుల్ హయ్ (1848-1886) పేరిట మరొకటి. గాలిబ్ మిత్రుడూ, ఉర్దూ కవుల చరిత్ర రచించినవాడూ, 1857 తరువాత జైలుపాలయినవాడూ అయిన నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా పేరిట ఇంకొకటి. అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ షా సులైమాన్ పేరిట వేరొకటి. దాత పేరుతో సేకరణను విడిగా ఉంచడం కేవలం కృతజ్ఞత కోసం కాదు. ఒకరి కాగితాలను మరొకరి కాగితాలతో కలపరాదన్నది భాండాగార శాస్త్రంలో మొదటి సూత్రం. ఒక పండితుని అలమారలో ఏ పుస్తకం ప్రక్కన ఏ పుస్తకం ఉండేదో తెలిస్తే, ఆయన ఆలోచన ఏ దారిన నడిచిందో తెలుస్తుంది. వాటిని విడదీస్తే పుస్తకాలు మిగులుతాయి, మనిషి మాయమవుతాడు.

హబీబ్‌గంజ్ నుండి హైదరాబాదుకు

ఈ సేకరణలన్నిటిలో పేరుగాంచినది హబీబ్‌గంజ్ సేకరణ. దీనికి హైదరాబాదుతో గట్టి సంబంధం ఉంది. అలీగఢ్ జిల్లాకు చెందిన మౌలానా హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ (1867-1950) జమీందారు, విద్వాంసుడు. నిజాం ప్రభుత్వంలో ధార్మిక వ్యవహారాల అధిపతిగా, అంటే సద్రుస్సుదూర్‌గా ఆయన పనిచేశారు. 'నవాబ్ సద్ర్ యార్ జంగ్' అన్న బిరుదు అక్కడ లభించినదే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఆ విశ్వవిద్యాలయానికి తొలి పాలకుడైన ఆ వ్యక్తి జీవితమంతా వ్రాతప్రతులు సేకరిస్తూ వచ్చారు. ఆయన మరణానంతరం 1960లో ఆ నిధి అలీగఢ్‌కు చేరింది.

అందులో జహాంగీరు ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చిత్రించిన ఎర్రని తులిప్ పూల చిత్రం ఉంది. 1620లో కాశ్మీరు వెళ్ళిన జహాంగీరు, అక్కడి పూలలో నూటికి పైగా మన్సూర్ చేత చిత్రింపజేసినట్లు తన ఆత్మకథలో పేర్కొన్నాడు. ఆ నూటిలో నేటికి మిగిలినవి బహు స్వల్పం. మిగిలినవాటిలో ఒకటి ఒక జమీందారు ఇంట భద్రంగా ఉండి, అలీగఢ్ చేరింది.

షేర్వానీ పేరు ఉర్దూ సాహిత్యంలో నిలిచిపోవడానికి మరొక కారణం ఉంది. 1942 ఆగస్టులో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్న మౌలానా ఆజాద్, తెల్లవారుజామున టీ త్రాగుతూ ఒక మిత్రునికి లేఖలు వ్రాసేవారు. ఆ మిత్రుడు షేర్వానీయే. ఖైదీకి ఉత్తరాలు పంపే వీలు లేదు గనుక అవి పోస్టు కాలేదు. 1943లో భార్య జులైఖా బేగం కలకత్తాలో మరణించినప్పుడు, ఆమెను చివరిసారి చూసుకోలేని వేదన కూడా ఆ లేఖలలోనే చోటు చేసుకున్నది. విడుదల తరువాత 1946లో అవి 'గుబారె ఖాతిర్' పేరిట వెలువడ్డాయి. రాజకీయ చరిత్ర గ్రంథాలు ఆజాద్ నిర్ణయాలను చెబుతాయి. ఆయన మనసు ఎలాంటిదో మాత్రం పోస్టు చేయని ఈ ఉత్తరాల వల్లనే తెలిసింది.

వ్రాతప్రతి ఇచ్చే సాక్ష్యం

వ్రాతప్రతిని చదవడమంటే అందులోని గ్రంథాన్ని మాత్రమే చదవడం కాదు. చివరి పుటలో తరచుగా 'తర్ఖీమా' ఉంటుంది. కాతిబ్ తన పేరు, ఊరు, హిజ్రీ తేదీ, ఎవరి కోసం వ్రాసినదీ అందులో చెబుతాడు. ఎక్కువ ప్రతులలో పుట సంఖ్యలు ఉండవు. తరువాతి పుటలోని మొదటి పదాన్ని ముందు పుట అడుగున వ్రాసి పెడతారు. పుటలు చెదిరిపోతే ఆ పదాల సాయంతోనే వరుస కూర్చుతారు. ముహర్లు ఆ ప్రతి ఎవరెవరి చేతులు మారిందో చెబుతాయి. హదీసు గ్రంథాలలో 'సమా' పట్టికలు ఉంటాయి. ఏ గురువు ఎదుట, ఏ నగరంలో, ఏ రోజున, ఎవరెవరు కూర్చొని ఆ గ్రంథం విన్నారో పేర్లతో సహా నమోదు చేస్తారు. ప్రవచనం ఎవరి నుండి ఎవరికి అందిందన్న సనదు విషయంలో ముస్లింలు చూపిన జాగ్రత్త కాగితం మీదికి దిగివచ్చిన రూపం ఇది. కొన్ని ప్రతుల మొదటి పుటలో 'యా కబీకజ్' అని వ్రాసి ఉంటుంది. పురుగులు పుస్తకాన్ని తినకుండా కాపాడుతుందన్న నమ్మకంతో వ్రాసిన మాట అది. అదే పుటకు పురుగు తొలిచిన రంధ్రాలు కూడా కనిపిస్తుంటాయి. పుస్తకాన్ని రక్షించేది మంత్రం కాదు, మనిషి శ్రద్ధ అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సంప్రదాయం చెప్పే మాటకూ, పరిశోధకుడు నిర్ధారించే మాటకూ తేడా ఉన్నదని కూడా గమనించాలి. హజ్రత్ అలీ (రజి) స్వహస్తంతో వ్రాసినదని చెప్పే కూఫీ లిపి ఖుర్ఆన్ పత్రం అలీగఢ్‌లో ఉంది. ఇలాంటి ప్రసిద్ధి గల పత్రాలు ప్రపంచంలో మరికొన్ని చోట్ల కూడా ఉన్నాయి. లిపి తీరు, చర్మపత్రం, సిరా పరిశీలించి కాలాన్ని నిర్ణయించడం పండితుల పని. ఆ పరీక్షకు భయపడవలసిన అవసరం విశ్వాసికి లేదు. హదీసును స్వీకరించే ముందు ఉల్లేఖకుల నిజాయితీని, జ్ఞాపకశక్తిని పరీక్షించిన సమాజం ఇది.

ప్రయోజనం పాండిత్యానికి మాత్రమే పరిమితం కాదు. మొగలుల కాలంలో రైతు స్థితి ఏమిటన్న విషయంపై ఇర్ఫాన్ హబీబ్ 1963లో ప్రకటించిన పరిశోధన గ్రంథానికి ఆధారమైన వాటిలో అలీగఢ్ వ్రాతప్రతులు కూడా ఉన్నాయి. రాజుల దండయాత్రలు తప్ప చరిత్ర లేదనుకునే వారికి, పన్నుల లెక్కలు, గ్రామాధికారుల ఫిర్యాదులు మరొక చరిత్రను చూపాయి.

గోప్యత, మర్యాద

ఇతరుల లోగుట్టు వెదకవద్దని ఖుర్ఆన్ (49:12) హెచ్చరించింది. మరి చనిపోయినవారి లేఖలు చదవడం సబబేనా అన్న సందేహం సహజంగానే కలుగుతుంది. భాండాగారాలు దీనికి ఒక పద్ధతి ఏర్పరచుకున్నాయి. పత్రాలు ఇచ్చేవారు ఇన్ని సంవత్సరాల వరకు వీటిని తెరవరాదని షరతు పెట్టవచ్చు. మౌలానా ఆజాద్ విషయమే ఇందుకు ఉదాహరణ. ఆయన 1958 ఫిబ్రవరిలో మరణించారు. మరుసటి సంవత్సరం వెలువడిన ఆత్మకథలో సుమారు 30 పుటలు చేర్చలేదు. కొందరు జీవించి ఉండగా అవి బయటపడరాదన్నది ఆయన అభిమతం. ఆ పుటలను సీలు వేసి కలకత్తాలోని నేషనల్ లైబ్రరీలోనూ, ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉంచారు. 30 ఏండ్ల తరువాత, 1988లో తెరిచారు. సత్యం దాగిపోలేదు, బ్రతికి ఉన్నవారి గౌరవమూ చెడలేదు. కాగితాన్ని తగులబెట్టడానికీ, బజారున పడవేయడానికీ మధ్య ఇలాంటి మార్గం ఒకటి ఉన్నది.

చదివేవాడు లేని చోట

అలీగఢ్ భాండాగారంలో తాటాకులపై తెలుగులో వ్రాసిన ఆయుర్వేద గ్రంథం కూడా ఉన్నది. ఉత్తర దేశంలో తెలుగు లిపి చదవగలవారు అరుదు. అయినా దానిని ఎవరూ పారవేయలేదు. చదవగలవాడు ఏనాటికైనా వస్తాడన్న నమ్మకంతో భద్రపరచారు. ఇదే పరిస్థితి తలక్రిందులై తెలుగు ముస్లింల ఇండ్లలో కనిపిస్తుంది. తాతగారి కాలపు ఉర్దూ, పారసీ కాగితాలు పెట్టెలో ఉంటాయి. మనుమడు తెలుగు మాధ్యమంలో చదివినవాడు. ఖుర్ఆన్ పారాయణానికి అరబీ అక్షరాలు వచ్చినా, గొలుసుకట్టుగా వ్రాసిన షికస్తా లిపి అతనికి అంతుబట్టదు. అందులో ఇనాము సనదు ఉందో, మసీదు భూమి వఖ్ఫ్‌నామా ఉందో, పాత మందుల చిట్టా ఉందో తెలియదు. ఇల్లు మారినప్పుడో, పాత మిద్దె పడగొట్టినప్పుడో ఆ పెట్టె భారమవుతుంది.

అప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి పాతకాగితాల వ్యాపారి. రెండవది భక్తి. అరబీ అక్షరాలున్న ప్రతి కాగితమూ పవిత్రమేనన్న భావంతో, శిథిలమైన ఖుర్ఆన్ ప్రతులతో పాటు వాటిని కూడా నేలలో పూడ్చడమో, నూతిలో వేయడమో జరుగుతుంది. శిథిలమైన ముస్‌హఫ్‌ను అగౌరవం కలుగని రీతిలో పూడ్చిపెట్టడం ధర్మసమ్మతమే. కాని దానితో పాటు పూర్వీకుల ఉత్తరాలు, దస్తావేజులు కూడా పూడ్చివేయమని ధర్మం చెప్పలేదు. పైగా హక్కుల పత్రాలను భద్రపరచమన్నది మొదట పేర్కొన్న ఆయతు స్ఫూర్తి. ఒక ఖబరస్తాన్ హద్దుల గురించి వివాదం వచ్చినప్పుడు, వఖ్ఫ్‌నామా చూపగలిగిన జమాఅతు పరిస్థితి ఒకటి, నోటిమాట మాత్రమే మిగిలిన జమాఅతు పరిస్థితి మరొకటి. ఒకనాడు భక్తితో పూడ్చిన కాగితం కోసం మరొకనాడు కోర్టు మెట్లపై వెదకవలసి వస్తుంది.

ఉర్దూ, పారసీ పత్రాలే విలువైనవని కూడా అనుకోరాదు. దూదేకుల కుటుంబాలలోనూ, తెలుగే మాతృభాషగా గల ఇతర ముస్లింల ఇండ్లలోనూ ఉన్న తెలుగు లేఖలు, పద్దుల పుస్తకాలు, ఖుర్ఆన్‌ను తెలుగు చేసినవారి చిత్తు ప్రతులు, ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు కూడా చరిత్రే. తెలుగు ముస్లింల గురించి ఇతరులు వ్రాసినది చాలా ఉంది. వారు తమ కోసం తాము వ్రాసుకున్నది ఈ కాగితాలలోనే ఉంటుంది.

చేయదగిన పనులు

మొదటి పని ఏమీ చెదరగొట్టకపోవడం. కట్టలను విప్పి తేదీల వారీగా సర్దాలన్న ఉత్సాహం వద్దు. కట్ట ఎలా ఉందో అలాగే ఉంచి, అది ఎవరిది, ఏ పెట్టెలో దొరికింది అన్న వివరం వేరే కాగితంపై వ్రాసి జత చేయాలి. చిరిగిన చోట జిగురు టేపు అంటించరాదు. కొన్నేండ్లకు ఆ జిగురు పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినివేస్తుంది. ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి లామినేషను చేయించడం అంతకంటె హానికరం, దానిని తిరిగి విడదీయడం కష్టం. గుండు పిన్నులు, క్లిప్పులు త్రుప్పు పడతాయి గనుక వాటిని తొలగించాలి. తేమగోడకు ఆనించకుండా, నేలకు కాస్త ఎత్తున, గాలి ఆడేచోట ఉంచాలి. నూలు గుడ్డలో చుట్టి పెట్టే పాత పద్ధతి మంచిదే. చెమ్మ తగిలిందని తీవ్రమైన ఎండలో ఆరబెట్టరాదు. నీడలో ఆరనివ్వాలి.

రెండవ పని చదివించడం. నేడు ఇంటింటా కెమెరా ఉన్న ఫోను ఉంది. ప్రతి పుటను పగటి వెలుతురులో ఫొటో తీసి, పారసీ, ఉర్దూ తెలిసినవారికి చూపించవచ్చు. ఊరిలో ఉర్దూ చదివిన పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి. లిపి తెలిసినవారు పోయిన తరువాత పత్రం మిగిలినా, అందులోని పేర్లు ఎవరివో చెప్పేవారుండరు.

మూడవ పని నమ్మకమైన చోట చేర్చడం. హైదరాబాదులో షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను దస్తావేజులను కాపాడుతున్న రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. మూలపత్రం ఇవ్వడానికి మనసొప్పకపోతే, నకలు తీసుకోవడానికైనా అనుమతించవచ్చు. ఇచ్చేటప్పుడు జాబితా వ్రాసి, ఇద్దరి సంతకాలతో రసీదు పుచ్చుకోవాలి. ఎవరికి చూపవచ్చు, ఎప్పటి వరకు చూపరాదు అన్న షరతులను అందులోనే నమోదు చేయించాలి. ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ వ్రాసి ఉంచుకోవడం కూడా ఖుర్ఆన్ నేర్పిన పద్ధతే.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఖుర్ఆన్ (4:58) ఆజ్ఞాపిస్తున్నది. పూర్వీకుల కాగితాలకు హక్కుదారులు కేవలం వారి వారసులు కారు. తమ ఊరి మసీదు ఎవరు కట్టించారో, తమ తాతలు ఏ భాషలో కలలు కన్నారో తెలుసుకోగోరే రేపటి బిడ్డలు కూడా హక్కుదారులే. షేర్వానీ సేకరించిన నిధిని ఆయన ఇంటివారు విశ్వవిద్యాలయానికి అప్పగించారు గనుకనే, మన్సూర్ చిత్రించిన పూలు నేటికీ వాడలేదు. అంతటి నిధి ప్రతి ఇంటా ఉండకపోవచ్చు. కాని తాతగారి చేవ్రాలుతో ఉన్న ఒక ఉత్తరమో, మసీదు భూమి హద్దులు చెప్పే ఒక పాత పత్రమో ఎన్నో ఇండ్లలో ఉన్నది. ఆ పెట్టెను తెరిచి చూడడం ఈ తరం బాధ్యత. తరువాతి తరం దాకా ఆ కాగితం ఆగకపోవచ్చు.